మూడు వానల పెయ్య

నిన్న పొద్దున నిజామాబాదులో మా ఆఫీసు వెనుక కొట్టంలో ఒక పెయ్యకు ఛాతీ చుట్టుకొలత తీస్తుంటే, గుడ్డ టేపు మీద నలభై ఆరో అంగుళం దగ్గర పసుపు మచ్చ మళ్లీ కనిపించింది. మళ్లీ అనడం సరికాదు. అది ఎప్పుడూ అక్కడే ఉంది. దాన్ని చూడకుండా కొలవడం నేనే అలవాటు చేసుకున్నాను. ఆ టేపును రెండుసార్లు సబ్బుతో, ఒకసారి కుంకుడుకాయలతో ఉతికాను. అంకెలు వెలిసిపోయాయి గాని మచ్చ పోలేదు. పెయ్యను తోలుకొచ్చిన రైతు కమ్మర్‌పల్లి వైపువాడు, పసుపు పండించేవాడు. వంగి మచ్చను చూసి, "ఇంట్ల దంచిన పసుపు సాబ్ గిది, అంగట్ల కొన్నది గాదు," అన్నాడు. ఏ ఇంట్లో అని అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణే. ఈ పట్నంలో నన్ను పని కాని మాట అడిగేవాళ్లు లేరు.

పశువైద్య పాఠశాలలో సర్టిఫికెట్టు తీసుకున్న ఆరో నెలలో నన్ను ఎడపల్లికి పంపారు. నాలుగేళ్ల కిందటి మాట. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం అప్పటికి సగమే లేచింది. ఇటుకలు, సున్నం మోసే బండ్లు దారి పొడవునా బారులు కట్టి ఉండేవి. నాతో వచ్చిన సామాను: ఒక పెట్టె, ఒక పరుపుచుట్ట, ఒక పాత సైకిలు, గుడ్డ టేపు, సిరాబుడ్డి, అచ్చు కాగితాల కట్ట. జాబితాలు రాయడం నాకు చిన్నప్పటి రోగం. పాఠశాలలో తోటివాళ్లు దాన్ని ఎగతాళి చేసేవారు. ఎడపల్లిలో ఎగతాళి చేసేవాళ్లు కూడా లేకపోవడంతో అది ముదిరింది. ఒక గురువారం, ఆ రోజు నాతో మాట్లాడినవాళ్ల జాబితా రాయబోయాను. ఒకటి, ఇల్లుగల్ల అవ్వ. రెండు, చెప్పులు కుట్టే ముసలాయన. మూడో వరుసకు ఎవరూ దొరకలేదు. బర్రె అని రాసి, మళ్లీ కొట్టేశాను. బర్రె నాతో మాట్లాడలేదు, నేనే దానితో మాట్లాడాను.

నా పని చెప్పడానికి తేలిక. ఫ్యాక్టరీ తిరగడం మొదలైతే చెరుకు బండ్లకు ఎడ్లు కావాలి. ఎడ్లు కావాలంటే ఆవులు ఈనాలి. మా వైపు పెయ్యలు ఎదకు రావడమే ఆలస్యం, అంటే కోడె దగ్గరికి పోయే ఈడుకు రావడానికే ఏళ్లు పడుతున్నాయి. మేత పెంచితే ఆ ఈడు ముందుకు వస్తుందేమో చూడాలని మా పై అధికారి సంకల్పం. ఆయన మంచివాడు. మంచు కురిసే దేశంలో, తౌడూ తెలగపిండీ కడుపునిండా తిన్న పశువుల మీద ఎవరో రాసిన ఒక పుస్తకం మీద ఆయనకు అమితమైన భక్తి. ఆ భక్తిలోంచి రెండు జాబితాలు పుట్టాయి. ఎదిగే వయసులో ఉన్న పెయ్యలకు రెండు నెలలపాటు సర్కారు మేత. మూడేళ్లు నిండినా ఎదకు రానివి ‘బాంఝ్’. వాటికి మేత దండుగ. అచ్చు కాగితం ఉర్దూలో ఉండేది. వయసుకు ‘ఉమర్’ అని ఒక గడి, చివర ఆ బాంఝ్ గడి. రెండో జాబితాలో పడ్డ పెయ్య గతి ఏమిటో కాగితంలో రాసి లేదు. రాయనక్కరలేదు కూడా. మేత అందరూ అనుకున్నట్టు నడి ఎండల్లో కరువవదు, తొలివాన పడ్డ తరువాతి నెలలో కరువవుతుంది. గడ్డివాము అడుగంటి ఉంటుంది, పచ్చిక వేలెడు లేవదు, ఉన్న గుప్పెడూ దుక్కిటెడ్లకు పోతుంది. ఆ నెలలో పనికిరాదని పేరుపడ్డ పశువు ఇంట్లో నిలవదు. కోతకు, అంటే కసాయికి, పోయే మంద సరిగ్గా ఆ నెలలోనే ఊళ్ల మీదికి వస్తుంది.

నేను అద్దెకున్న ఇల్లు అవ్వది. ఇల్లంటే ముందు నాకిచ్చిన గది, వెనుక ఆమె వంట చేసుకునే పంచ, పక్కన ఒక పశువు పట్టే పాక. ఆమె భర్త ఎప్పుడో పోయాడు. బతికున్నప్పుడే ఇంకొక భార్యను తెచ్చుకున్నాడు. ఆ రెండో ఆమె కొడుకు నాలుగిళ్ల అవతల పెళ్లాంబిడ్డలతో ఉండి, పొలం చేస్తూ, అవ్వకు గింజలూ గడ్డీ కొలిచేవాడు. చెడ్డవాడు కాదు. "పెద్దవ్వా" అని పిలిచేవాడు. అవ్వకు తనది అని చెప్పుకోవడానికి ఉన్నది ఒక ఎర్ర పెయ్య. నుదుట తెల్లటి అరచందమామ మచ్చ. తల్లి ఆవు పురిట్లోనే పోతే, గుడ్డపీలికను పాలలో ముంచి దీని నోట్లో పెట్టి బతికించిందట. పొద్దున బియ్యం కడిగిన నీళ్లు, గంజి, మెతుకులు, కూరగాయల తొక్కులు, నేను సగం తిని వదిలిన రొట్టె, అన్నీ కలిపి కుడితి తొట్టిలో పోసేది. కుడితి పోసేటప్పుడు ఆమె దానితో మాట్లాడే మాటలు గోడ అవతల నా గదిలోకి వినిపించేవి. మొదటి వారం నన్నే పిలుస్తోందనుకుని రెండుసార్లు బయటికి వెళ్లాను. "నిన్ను గాదు కొడుకా, దాన్ని," అని నవ్వింది. ఆ తరువాత నాకు కూడా కొంత మాట్లాడసాగింది. దానితో మాట్లాడగా మిగిలినది నాకు పెట్టేదని నా అనుమానం. అదైనా చాలు అనిపించేది.

మిరుగం, అంటే మృగశిర కార్తె, వచ్చి తొలివాన పడి నాలుగు రోజులైంది. ఏరువాక నాడు ఊళ్లోవాళ్లంతా ఎడ్లను కడిగి పసుపు పూశారు. అవ్వకు ఎడ్లు లేవు కాబట్టి పెయ్యకు పూసింది, గంగడోలు నిండా. మరునాడే నేను మా వాడలో కొలతలకు బయలుదేరి, మొదట మా ఇంటి పెయ్యతోనే మొదలుపెట్టాను. ముంగాళ్ల వెనుక నుంచి టేపు చుట్టు తిప్పుతుంటే అవ్వ అరుగు మీద కూర్చుని చూసింది.

"ఏం కొడుకా, దానికి రైక కుడతవా?"

"కొలత తీస్తున్నాను అవ్వా."

"గదే అంటున్న. చేతులు జర వదులు వెట్టు. ఎదిగే పిల్ల."

పక్కింటివాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు నవ్వకూడదని అప్పట్లో నా నియమం. నలభై ఆరు అంగుళాలు అని రాసుకున్నాను. పసుపు టేపుకు అంటిందని గమనించి చిరాకుపడ్డాను. తరువాత ఉమర్ గడి. ఉర్దూ మాటను మనసులో తెలుగు చేసుకుని అడిగాను: "దీని ఈడెంత అవ్వా?"

"ఈడా? ఈడుకు ఇంక రాలే. మూడు వానలు సూసింది."

నేను అడిగింది వయసు. ఆమె ముందు చెప్పింది ఇంకొకటి, తరువాత చెప్పింది వేరొక లెక్క. ఆ రెండూ నా కాగితం మీద రెండు గడులకు చక్కగా సరిపోయాయి. మూడు సంవత్సరాలు. ఎదకు రాలేదు. ఆ రెండు గడులు నిండగానే మూడోది తనంతట తానే నిండింది: బాంఝ్. మొత్తం మూడు ఊపిరుల పని. ఆ కాగితం నకలు ఇప్పటికీ నా దగ్గర ఉంది. చేతిరాత చాలా అందంగా ఉంటుంది.

వారం తరువాత పట్వారి చావడిలో జాబితా చదివాడు. ఉర్దూలో చదివి తెలుగులో చెప్పాడు. బాంఝ్ అనే మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన డొంకతిరుగుడుగా చెప్పలేదు. "గొడ్డుబోతు," అన్నాడు. పదకొండు సార్లు అన్నాడు. నేను పక్కన నిలబడి ఉన్నాను. కాగితం మీద అది ఒక సాంకేతిక పదం. ఊరి మధ్య పైకి చదివితే అది వీధిలో ఆడవాళ్లు ఒకరినొకరు అనుకునే తిట్టు. ఆ సాయంత్రం అవ్వ ఎప్పటిలాగే నా ముందు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టి, గడప దగ్గర కూర్చుంది.

"గా కాయితంల నా పెయ్యను గొడ్డుబోతని రాసినవా కొడుకా?"

"లేదవ్వా. అట్లా రాయలేదు. బాంఝ్ అని రాశాను."

"బాంఝ్ అంటే ఏంది?"

నేను రొట్టె తుంచి పులుసులో ముంచాను. ఆమె లేచి, పులుసు ఇంకా కావాలా అని అడిగింది.

మూడో రోజు సవతి కొడుకు వచ్చాడు. ముఖం చూస్తే అతనికీ ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది. "ఎడ్లకే గడ్డి లేదు పెద్దవ్వా. దుక్కి ఆగితె అందరం పస్తులుండాలె. సదువుకున్న సాబే రాసిండు గద, ఇంక ఈనదని. ఎన్నొద్దులని సాదుతవ్?" అన్నాడు. అవ్వ నా గది తలుపు వైపు చూసింది. నేను లోపలే ఉన్నాను. ఆ చూపుకు అర్థం అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడు తెలుసు. నేను బయటికి వచ్చి, ఉండనీ, ఇంకోసారి చూస్తాను, అని ఉంటే చాలు. అతను ఆగేవాడు. నేను మాత్రం కూడికలు సరిచూసుకుంటూ కూర్చున్నాను. అవ్వ తానే పలుపు విప్పి అతని చేతిలో పెట్టింది. పెయ్య గడప దాటుతూ ఆగి, తొట్టి వైపు ఒకసారి మెడ తిప్పింది. తొట్టిలో ఇంకా కుడితి ఉంది.

అది పోయిన నాలుగో రోజు బోధన్ వెళ్లాను. బజారు చివర ఎడ్ల గిట్టలకు నాలాలు కొట్టే నాల్‌బందు ఒకాయన ఉండేవాడు. ఊరంతా చిచ్చా అనేవాళ్లు. గిట్ట జబ్బుల గురించి నేను పుస్తకంలో చదివినదాని కంటే ఆయన ఒళ్లోని సుత్తికి ఎక్కువ తెలుసు. నేను వెళ్లినప్పుడల్లా నన్ను కూర్చోబెట్టి లోకం సంగతులు చెప్పేవాడు. ఆ రోజు చెప్పిన సంగతి ఇది.

"మొన్న మంద వోయింది డాక్టర్ సాబ్, కోతకు. ముందల నడిచే రెండెడ్లకు నాలాలు గొట్టించిన్రు. గండ్ల ఒక ఎర్ర పెయ్య, నుదుట చాంద్ ఉన్నది, మెడ కింద పసుపు గూడ పోలే. నా చెయ్యి ఊకుంటదా? నోరు తెరిసి సూసిన. యా అల్లా, అన్ని పాలపళ్లే! ఒక్కటి రాలలే. అరె, దీన్నెందుకు అమ్మిన్రు అంటె, మూడేండ్లు దాటిన గొడ్డుబోతని సర్కార్ కాయితం వచ్చిందట. పాలపళ్ల పోరిని ముసల్దని రాసిన గాడిద ఎవడో గాని, వాని నోట్ల ఎన్ని పళ్లున్నయో సూడాలె!"

ఆయన పడిపడి నవ్వాడు. నా ముఖం చూసి నవ్వు ఆపాడు. సుత్తి కింద పెట్టి, "మాఫ్ జెయ్యి సాబ్," అన్నాడు. నన్ను ఊరడించాలనే కాబోలు, "నీ ఒక్కని తప్పు గాదు. అంగట్ల ఎద్దునైతె నోరు తెరవకుంట ఒక్కడు కొనడు. ఆడదాని నోరు ఎవడు తెరుస్తడు?" అన్నాడు.

ఆ మాట నిజం. నేను ఆ నెలలో కోడెల నోళ్లు లెక్కలేనన్ని తెరిచి పళ్లు లెక్కపెట్టాను. పెయ్యల దగ్గర యజమాని మాటే రాసుకున్నాను, కాగితంలో పళ్లకు గడి లేదు కాబట్టి. అక్కడే చిచ్చా అరుగు మీద కూర్చుని లెక్క వేశాను. పెయ్య పుట్టింది రోహిణి కార్తె చివర, మిరుగానికి నాలుగైదు రోజుల ముందని అవ్వ ఒకసారి కుడితి పోస్తూ చెప్పింది. పుట్టిన వారానికే అది మొదటి వాన చూసింది. ఏడాది నిండగానే రెండోది. నేను టేపు పట్టుకుని వెళ్లడానికి నాలుగు రోజుల ముందు పడ్డ తొలివాన మూడోది. మూడు వానలు, రెండేళ్లు. వానలు వెనుకబట్టాక పుట్టిన పెయ్యకైతే మూడు వానలంటే మూడేళ్లకు దగ్గర పడ్డట్టు. ఊళ్లో పసిపిల్ల కూడా తప్పు చెయ్యని లెక్క అది. పుట్టిన కార్తె అడిగితే తేలిపోయేది. నేను అడగలేదు.

మంద చందూర్ దారిన పోయిందని చిచ్చా చెప్పాడు. సైకిలు మీద బయలుదేరాను. దారి బురద. ఎక్కినంత దూరం దిగి నడిచాను. చందూర్‌లో బావి దగ్గర నీళ్లు తోడుతున్న ఒకామెను అడిగితే, "పొద్దుగాలనే వోయిన్రు. ఒక ఎర్రపెయ్య ఊకె ఎనకకు మల్లుతుండె, కొట్టుకుంట తోలిన్రు," అంది. మంద ఆగిన చోటు చూపించింది. పేడ చూశాను. అది నా చదువు. ముదురు నలుపు, గట్టి ఉండలు, అందులో పచ్చగడ్డి పోచ కూడా లేదు. ఇంకొంత దూరం పోతే వాగు. పైన ఎక్కడో వాన పడింది. నేను చేరేసరికి ఎర్రనీళ్లు ఒడ్డు ఒరుసుకుని పారుతున్నాయి. మంద పొద్దున పాదాలు తడుపుకుని దాటిన వాగు అది. నేను ఈదలేను. సాయంత్రం దాకా కూర్చున్నాను. నీళ్లు తగ్గలేదు. అవతలి గట్టు మీద, మోకాలెత్తున కాకపోయినా, గడ్డి అప్పుడే పచ్చగా కనిపిస్తోంది.

అవ్వకు అంతా చెప్పాను. పళ్లు, కార్తె, వాగు, ఏదీ దాచలేదు. తిడుతుందని సిద్ధపడి, తిట్టాలని కోరుకుంటూ చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"నన్ను గూడ గట్లనే రాసిన్రు కొడుకా," అంది. "నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు కరువు. జొన్నగడక గూడ దినాం లేదు. ఎన్ని వానలాయె, ఇంక కడుపు పండలే అని మా అత్త వానలు లెక్కవెట్టుకుంట కూసున్నది. నువ్వేం తింటున్నవే పిల్లా అని ఎవ్వరు అడగలే. కరువు వోకముందే రెండోదాన్ని తెచ్చిన్రు." చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. "నువ్వు సైకిలన్న తొక్కినవ్. లే, కాళ్లు కడుక్కో."

ఆ ఇంట్లో ఇంకా పది నెలలు ఉన్నాను. ఆమె ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. రొట్టె తగ్గించలేదు, పులుసు తగ్గించలేదు. తిట్టేవాళ్లున్నవాడు ఒంటరివాడు కాడని అప్పుడు తెలిసింది. పొద్దున బియ్యం కడిగిన నీళ్లు ఆమె మామూలుగా తొట్టిలోనే పోసేది. పోశాక ఒక్క క్షణం చెయ్యి అలాగే ఉంచి, ఖాళీ గూటం వైపు చూసి, లోపలికి పోయేది. మధ్యాహ్నానికి పక్కింటి మేక వచ్చి తాగేది. గోడ అవతల నుంచి మాటలు మాత్రం ఆగిపోయాయి. వాటితో పాటు నాకు మిగిలే భాగం కూడా.

నేను చేయగలిగింది చేశాను. రెండో జాబితాలో పదకొండులో నాలుగు అమ్ముడుపోయాయి. మిగిలిన ఏడింటి నోళ్లు తెరిచాను. అమ్మవద్దని ఇంటింటికీ తిరిగి బతిమాలాను. ఉద్యోగంలో నవ్వకూడదన్న నియమం ఆ తిరుగుడులో పోయింది. వానలు బాగా పడ్డాయి. గడ్డి లేచింది. డొక్కలు నిండాయి, వెంట్రుకలకు మెరుపు వచ్చింది. దసరా వచ్చేలోపు ఏడింటిలో ఐదు ఎదకు వచ్చాయి. అందులో రెండు నిజంగానే మూడేళ్లు దాటినవి. అంటే పుస్తకం ప్రకారం కూడా గొడ్డుబోతులే. ఆరోది చలికాలంలో, బెల్లం గానుగలు ఆడే రోజుల్లో, చెరుకు కొసలు కడుపునిండా తిని వచ్చింది. చలికాలంలో ఎదకు రాదని అందరూ చెప్పిన పెయ్య అది. నేను రాసిన నివేదికలో సారం ఇంతే: పెయ్య ఈడు ఏళ్లలో లేదు, ఒంట్లో ఉంది. ఒళ్లు మేతలో ఉంది, మేత కాలంలో ఉంది. పై అధికారి నా పరిశీలనను మెచ్చుకున్నాడు. ఆ మెప్పుతోనే నన్ను పట్నానికి మార్చారు. ఐదు ఎదకు వచ్చాయని నేను చెప్పిన రోజున అవ్వ, "కడుపు నిండితె ఎందుకు రావు?" అంది, అంతే. మరి నాది వచ్చేదా అని అడగలేదు. జవాబు ఇద్దరికీ తెలుసు.

నిన్న ఆ కమ్మర్‌పల్లి రైతును, "దీని ఈడెంత?" అని అడిగాను. "రెండు వానలు సూసింది సాబ్," అన్నాడు. కలం కింద పెట్టాను. ఏ కార్తెలో పుట్టింది, తల్లి అప్పుడు ఏం తింటోంది, పోయిన ఎండాకాలం దీనికి ఏం పెట్టారు, అన్నీ అడిగాను. పెయ్య నోరు తెరిచి చూశాను. ఓపికగా జవాబులు చెప్పి అతను చివరికి నవ్వాడు: "పిల్లనిచ్చేటోళ్లు గూడ గిన్ని అడగరు సాబ్." నేనూ నవ్వి, టేపు చుట్టాను. మచ్చ లోపలి మడతలోకి పోయింది.

ఆ ఎర్ర పెయ్య ఎదకు రావడానికి కాలం మహా అయితే ఇంకొక్క వాన బాకీ ఉండింది. పచ్చిక అవతలి గట్టుకు అప్పటికే వచ్చింది. నేను మాత్రం దాని కాలాన్ని మూడు ఊపిరుల్లో రాసి ముగించాను.